నిత్యజీవితంలో మాఅత్: ప్రాచీన ఈజిప్టు మార్మిక సాధన కోసం ఒక చిన్న బృందాన్ని నడుపుకోవడం

ప్రాచీన ఈజిప్టు ఆధ్యాత్మికత అనగానే చాలామంది మనసు పిరమిడ్ల లోపలి చీకటి గదుల వైపు, రహస్య దీక్షల వైపు పరుగెడుతుంది. ఆ మార్గాన్ని రోజూ ఆచరించదలచినవారు మొదలుపెట్టవలసిన చోటు అది కాదు, మాఅత్ అనే ఒక్క మాట దగ్గర మొదలుపెట్టాలి. సత్యం, న్యాయం, సమతూకం, లోకాన్ని నిలబెట్టే క్రమం అన్నీ కలిసిన భావానికి ఈజిప్టువారు పెట్టుకున్న పేరు అది. తలపై నిప్పుకోడి ఈకను ధరించిన దేవతగా దాన్ని చిత్రించారు. ఈ క్రమం సృష్టి ఆరంభంలో ఒకసారి ఏర్పడి ఆ తరువాత తనంతట తాను సాగిపోతుందని వారు అనుకోలేదు. రాజు న్యాయం చెప్పడం, పూజారి వేళకు గర్భాలయం తెరవడం, ధాన్యం కొలిచేవాడు కుంచాన్ని సరిగా నింపడం, ఇవన్నీ ఆ క్రమాన్ని ప్రతిరోజూ కొత్తగా నిలబెట్టే పనులేనని నమ్మారు. కనుక ఈ సాధనలో మార్మికత అంటే దాచిపెట్టిన జ్ఞానం కాదు, మానకుండా చేసే పని. ఆ పనిని నలుగురు కలిసి వంతులవారీగా ఎలా చేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తాను.

మొదట తేల్చుకోవలసినది

బృందాన్ని ఏర్పాటు చేసుకునే ముందు ఒక నిజాన్ని అందరూ అంగీకరించాలి. ఫరోల కాలం నుంచి నేటి వరకు తెగకుండా వచ్చిన గురుపరంపర ఏదీ లేదు. మనకు తెలిసిన చివరి చిత్రలిపి శాసనం క్రీ.శ. 394లో నైలు నదిలోని ఫిలే ద్వీపంలో చెక్కబడింది. అక్కడి ఐసిస్ దేవత ఆలయాన్ని ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి మూయించాడు. ఆ తరువాత 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ చిత్రలిపి రహస్యాన్ని ఛేదించేవరకు ఆ గోడలపై ఉన్నదాన్ని చదవగలిగినవారు లేరు. నేడు ఈ మార్గంలో ఉన్న సంస్థలన్నీ ఇటీవలివే. ఐర్లండ్‌లో 1976లో ఏర్పడిన ఐసిస్ సహవాసమూ, అమెరికాలో 1988లో మొదలైన కెమెటిక్ ఆర్థడాక్సీ సంప్రదాయమూ అలాంటివే. మనం చేస్తున్నది పునర్నిర్మాణం. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, కానీ దాన్ని దాచిపెడితే మాఅత్‌ను మొదటి రోజే కాలదన్నినట్టవుతుంది.

అందుచేత బృందానికి ఒక ఉమ్మడి నోటుపుస్తకం ఉండాలి. చేసే ప్రతి క్రియ పక్కన, పలికే ప్రతి వాక్యం పక్కన అది ప్రాచీన పాఠంలో ఉన్నదా, పండితులు ఊహించి చెప్పినదా, మనమే కూర్చుకున్నదా అన్నది రాసుకోవాలి. ఈ చిన్న అలవాటు ఎన్నో పొరపాట్లను ఆపుతుంది. ఉదాహరణకు, పైన ఉన్నదే కింద ఉన్నది అనే ప్రసిద్ధ వాక్యాన్ని చాలామంది ఈజిప్టు ఆలయాల బోధగా చెబుతారు. అది మనకు మొదట కనిపించేది మధ్యయుగపు అరబీ గ్రంథాల్లో. ఆ వాక్యం ఇష్టమైతే వాడుకోండి, కానీ దాని పక్కన ఏ కాలానిదో రాయండి.

బృందం, వంతులు

ఐదుగురు నుంచి తొమ్మిదిమంది వరకు ఉంటే చాలు. అంతకు మించితే ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పోతుంది. ప్రాచీన ఆలయాలలో అధికశాతం పూజారులు ఏడాది పొడవునా అక్కడే ఉండేవారు కాదు. కొత్త రాజ్యకాలంలో (సుమారు క్రీ.పూ. 1550–1070) వారు నాలుగు జట్లుగా ఏర్పడి, ఒక్కో జట్టు ఒక నెల సేవ చేసి తరువాతి జట్టుకు బాధ్యత అప్పగించేది. అంటే ఒక్కొక్కరికి ఏడాదికి మూడు నెలల సేవ, మిగిలిన తొమ్మిది నెలలు ఇల్లు, పొలం, కొలువు. నిత్యజీవితంలో సాధన చేయదలచిన మనకు ఇంతకంటే తగిన నమూనా లేదు. బృందాన్ని రెండు లేక మూడు జట్లు చేసి, నెలకొక జట్టు ముఖ్య బాధ్యతలను వహించేలా చూడండి. బాధ్యత అప్పగించేటప్పుడు ఏవేవి అప్పగిస్తున్నారో, ఏ వస్తువు ఎంత మిగిలిందో లెక్క రాసి చదివి వినిపించండి. పాతకాలపు పూజారులు కూడా ఆలయ సామగ్రి జాబితాలు రాసి ఇలాగే అప్పగించేవారు.

నాయకత్వం గురించి నాకొక దృఢమైన అభిప్రాయం ఉంది. ఈజిప్టు భాషలో పూజారి పదవికి వాడిన మాట హెమ్ నెచెర్, అంటే దేవుని సేవకుడు. అక్కడ గురువు అనే అర్థం లేదు. తాను పూర్వజన్మలో ఫలానా ఫరోనని చెప్పుకునేవారిని, దీక్షకు రుసుము అడిగేవారిని, ఇంటివారికి చెప్పకుండా రమ్మనేవారిని బృందంలో చేర్చుకోకండి. ఉమ్మడి ఖర్చులకు ఎవరెంత ఇచ్చారో అందరికీ కనిపించేలా రాయండి. తూకాన్ని దైవంగా భావించే మార్గంలో లెక్క తేలని డబ్బు ఉండటం కంటే పెద్ద అపచారం నాకు తోచదు.

ఉదయపు క్రియ

ఆలయంలో రోజుకు మూడు వేళలా సేవ జరిగేది. వాటిలో తెల్లవారుజాము సేవ ప్రధానమైనది. పూజారి మట్టిముద్రను పగులగొట్టి గర్భాలయపు తలుపు తెరిచి, దేవతను మేల్కొలిపి, శుద్ధి చేసి, నూనె పూసి, వస్త్రం కప్పి, నైవేద్యం పెట్టి, మళ్లీ తలుపు మూసి ముద్ర వేసేవాడు. అబిడోస్‌లోని ఫరో మొదటి సేతి ఆలయంలో ఈ క్రమమంతా గోడలపై చెక్కి ఉంది. బెర్లిన్‌లో భద్రపరచిన, రెల్లు కాగితంపై రాసిన ఒక పపైరస్‌లో అమున్ దేవుని సేవకు సంబంధించిన 66 మంత్రాలు ఉన్నాయి. వాటన్నిటినీ రోజూ చదవాలని ప్రయత్నించకండి. మేము మొదట్లో ఆ ఉత్సాహంతో ఇరవై మంత్రాలు పెట్టుకున్నాం, రెండో నెలకే సగం మంది అలసిపోయారు. పది, పన్నెండు నిమిషాలలో పూర్తయ్యే క్రియ ఒకటి చాలు.

ఇంట్లో ఎవరూ తగలని ఒక గూడును గాని, తలుపున్న చిన్న చెక్క పెట్టెను గాని ఎంచుకోండి. రాజుల సమాధులు తొలిచిన పనివారు నివసించిన దెయిర్ ఎల్ మెదీనా ఊరి ఇళ్లలో కూడా గోడల్లో ఇలాంటి గూళ్లు ఉండేవి. అందులో మీరు సేవించే దేవత చిన్న ప్రతిమ, నీటి పాత్ర, దీపం, ధూపపాత్ర ఉంటే సరిపోతుంది. ప్రతిమను కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ప్రాచీనమైనదని చెప్పి అమ్మే తాయెత్తులను, విగ్రహాలను ముట్టుకోకండి. 1983లో వచ్చిన 117వ చట్టం ద్వారా ఈజిప్టు పురావస్తువుల వ్యాపారాన్ని నిషేధించింది. సమాధిని దోచి తెచ్చిన వస్తువును మాఅత్ ముందు ఉంచడమంత విరుద్ధమైన పని ఉండదు. మట్టితో స్వయంగా చేసుకున్న ప్రతిమే ఉత్తమం.

మొదటి పని శుద్ధి. అధిక సంఖ్యలో ఉండే సామాన్య పూజారులను వఅబ్ అనేవారు, ఆ మాటకు శుద్ధుడు అని అర్థం. వారు పగలు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చన్నీటి స్నానం చేసేవారని, నారబట్టలు మాత్రమే కట్టేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. నోటి శుద్ధికి నాట్రాన్ అనే సహజమైన ఉప్పును వాడేవారు. మనం స్నానం చేసి, చిటికెడు ఉప్పు కలిపిన నీటితో పుక్కిలించి, ఉతికిన బట్ట కట్టుకుంటే చాలు. నోటిని కడుక్కోవడాన్ని మాత్రం తేలికగా తీసుకోవద్దు. ఆ నీటిని ఉమ్మివేసేటప్పుడు నిన్న పలికిన ఏ మాటను వదిలించుకోవాలో తలచుకోవడం మా బృందపు అలవాటు. ఇది మేము కూర్చుకున్నదే, ప్రాచీన విధి కాదు.

తరువాత గూడు తలుపు తెరిచి దీపం వెలిగించి, దేవతను పేరుతో పిలిచి, శాంతితో మేలుకొమ్మని పలకాలి. ఎద్ఫు ఆలయంలోని ఉదయగీతం ఈ పిలుపునే మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. నీటిని పాత్రలో పోసి, ధూపం వేసి, కొంచెం రొట్టెనో పండునో ముందుంచండి. ధూపం విషయంలో గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పినది ఆచరించవచ్చు. ఈజిప్టువారు ఉదయం చెట్టు బంకను, మధ్యాహ్నం బోళాన్ని, సాయంత్రం కైఫీ అనే మిశ్రమాన్ని వేసేవారని అతడు రాశాడు. కైఫీలో తేనె, ద్రాక్షరసం, ఎండు ద్రాక్ష, బోళం మొదలైన పదహారు ద్రవ్యాలు ఉంటాయని కూడా చెప్పాడు. దాన్ని తయారుచేయడానికి ఓపిక లేకపోతే సాయంత్రం కూడా బోళమే వేయండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే ధూపం మానివేసి పువ్వు పెట్టండి.

ఇక ఈ క్రియకు ప్రాణంలాంటి ఘట్టం ఒకటుంది. ఆలయచిత్రాలలో రాజు తన అరచేతిలో కూర్చున్న చిన్న మాఅత్ బొమ్మను దేవతకు అర్పిస్తూ కనిపిస్తాడు. దేవతలు మాఅత్‌నే ఆహారంగా తీసుకుని జీవిస్తారని పాఠాలు చెబుతాయి. రొట్టె, నీరు, వస్త్రం అన్నీ ఇచ్చిన తరువాత కూడా ఇవ్వవలసినది ఇంకా ఒకటి మిగిలి ఉంటుందన్న మాట. మన చేతిలో బొమ్మ అక్కరలేదు. అరచేతిని చాచి, సూర్యాస్తమయంలోగా తాను చేయబోయే ఒక న్యాయమైన పనిని బయటికి పలకాలి. అది నిర్దిష్టంగా ఉండాలి. అందరితో మంచిగా ఉంటాను అనడం అర్పణ కాదు. నెలరోజులుగా ఇవ్వకుండా ఆపిన బాకీని ఈరోజు తీరుస్తాను అనడం, నా పొరపాటు వల్ల మాటపడిన సహోద్యోగి గురించి పై అధికారికి నిజం చెబుతాను అనడం అర్పణ. బృందంలో కొత్తగా చేరినవారికి మిగతా క్రియ అంతా మూడు రోజుల్లో వచ్చేస్తుంది, ఈ ఒక్క వాక్యం సరిగా పలకడానికి నెలలు పడుతుంది.

అర్పించిన ఆహారాన్ని పారవేయకూడదు. ఆలయంలో దేవత ముందు పెట్టిన నైవేద్యం తరువాత పూజారులకూ సేవకులకూ చేరేది. మీరూ దాన్ని ఇంటివారితో పంచుకుని తినండి. చివరగా, గూడు మూసి వెనక్కి నడుస్తూ చీపురుతో నేల ఊడ్చి రండి. పూజారి గర్భాలయం నుంచి వెలుపలికి వచ్చేటప్పుడు తన అడుగుజాడలను తానే ఊడ్చివేసే చిత్రాలు ఆలయాల గోడలపై ఉన్నాయి. సేవ చేసినవాడి గుర్తు అక్కడ మిగలకూడదన్న ఆ భావన నాకు ఈ క్రియ మొత్తంలో అత్యంత ప్రియమైనది.

రాత్రి తూకం

చనిపోయినవారికి తోడుగా సమాధిలో ఉంచిన మంత్రాల సంకలనమైన మృతుల గ్రంథంలోని 125వ అధ్యాయంలో మరణించినవాడు నలభై ఇద్దరు దేవతల ముందు నిలబడి, తాను చేయని తప్పులను ఒక్కొక్కటిగా పలుకుతాడు. అతని హృదయం త్రాసులో ఒక తట్టలో, మాఅత్ ఈక మరొక తట్టలో ఉంటాయి. నక్క తల దేవుడు అనూబిస్ తూకాన్ని సరిచూస్తాడు, లేఖక దేవుడు థోత్ ఫలితాన్ని రాస్తాడు, తప్పిన హృదయాన్ని మింగడానికి అమ్మిత్ అనే మృగరూపిణి కాచుకుని ఉంటుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, అనీ అనే లేఖకుడి కోసం రాసిన పపైరస్‌లో ఈ దృశ్యాన్ని చూడవచ్చు. ఈజిప్టువారికి హృదయమే బుద్ధికీ జ్ఞాపకానికీ నిలయం. అందుకే దేహాన్ని భద్రపరిచేటప్పుడు ఇతర అవయవాలను తీసినా దాన్ని సాధారణంగా లోపలే ఉంచేవారు. తన హృదయమే తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుందేమోనన్న భయంతో, అలా చెప్పవద్దని దాన్ని వేడుకునే మంత్రాన్ని పెంకుపురుగు ఆకారపు రాతిపై చెక్కి ఎదపై ఉంచేవారు.

ఆ ప్రకటనలు మృతుడిని నిర్దోషిగా నిలబెట్టడానికి ఉద్దేశించినవి. మనం వాటిని బతికి ఉండగానే పరీక్షగా వాడుకుంటున్నాం, ఈ తేడాను నోటుపుస్తకంలో తప్పక రాయండి. పద్ధతి ఇది: నలభై రెండు ప్రకటనలను నలభై రెండు రాత్రులకు కేటాయించి, నిద్రకు ముందు ఆ రోజు ప్రకటనను గట్టిగా చదివి, అది ఈరోజు నా విషయంలో నిజమేనా అని ఆలోచించి, రెండు మూడు వాక్యాలు రాసుకోవాలి. నేను దొంగిలించలేదు, చంపలేదు అన్నవి సులభంగా దాటిపోతాయి. నేను చాటుగా వినలేదు అన్నది మరొకరి ఫోనులోని సందేశాలను చదివినవారిని ఆపుతుంది. నేను సత్యవాక్యానికి చెవి మూసుకోలేదు అన్న దగ్గర ఇంట్లో పిల్లలు చెప్పిన విమర్శ గుర్తుకొస్తుంది. అదే అధ్యాయంలోని మరొక జాబితాలో నేను ఎవరినీ ఏడిపించలేదు అనీ, పారవలసిన కాలంలో నీటిని ఆపలేదు అనీ ఉన్నాయి. నీటి సంగతి నైలు నది కాలువలకు చెందినది, కానీ చేరవలసిన వేళకు చేరనివ్వకుండా ఆపే ప్రతిదానికీ అది వర్తిస్తుంది. పనివాడి జీతం, సంతకం కోసం బల్లపై పడి ఉన్న కాగితం, చెప్పవలసిన క్షమాపణ కూడా ఆపిన నీళ్లే.

ఒక విషయం మరువవద్దు. చిత్రాలలో త్రాసు సమంగా నిలిచి ఉంటుంది. హృదయం ఈకతో సరితూగితే చాలు. తనను తాను నిందించుకుంటూ రాత్రంతా గడపడం తూకం తప్పడమే. అలాంటి కుంగుబాటు ఎవరిలోనైనా కనిపిస్తే ఆ సభ్యునితో ఈ అభ్యాసం కొంతకాలం మాన్పించి, అవసరమైతే వైద్యుని వద్దకు తీసుకువెళ్లడం బృందం బాధ్యత.

మాటను కాపాడుకోవడం

హెకా అనే పదాన్ని మంత్రశక్తి అని అనువదిస్తారు. పలికిన మాట జరిగి తీరుతుందన్న విశ్వాసం దాని వెనుక ఉంది. మాటకు అంత బలం ఉందని నమ్మేవారు దాన్ని పొదుపుగానే వాడాలి. అమెనెమోపె ఉపదేశం అనే ప్రాచీన నీతిగ్రంథంలో మౌనిని తోటలో పెరిగి పండ్లిచ్చే చెట్టుతోనూ, ఉద్రేకపరుణ్ని చివరికి మంటల పాలయ్యే చెట్టుతోనూ పోల్చారు. పగటి సాధనగా బృందమంతా ఒక నియమం పెట్టుకోవచ్చు: కోపంతో రాసిన సందేశాన్ని ఒక రాత్రి గడవనిచ్చి గాని పంపకూడదు. మా అనుభవంలో ఇంతకంటే ఎక్కువ నియమాలు నిలబడవు.

పదో రోజు కలయిక

ఈజిప్టువారి నెలకు 30 రోజులు, వారానికి పది రోజులు. థీబ్స్‌లో పశ్చిమతీరపు మృతులకు పది రోజులకొకసారి నీరు వదిలే ఆచారం ఉండేది. బృందమూ పదో రోజునే కలవడం మంచిది. అయితే ఉద్యోగాల వారాలతో అది పొసగదు కనుక, ఆ రోజు కలవలేకపోతే ఎవరింట్లో వారు ఒకే వేళకు నీరు వదిలి, తరువాతి సెలవురోజున కలుసుకోండి.

కలయికలో మొదట ఒక ప్రాచీన పాఠాన్ని ఒక పుట మేరకు చదివి చర్చించాలి. తరువాత, ఇష్టపడినవారు మాత్రమే, గత పది రోజుల్లో తప్పిన తూకాన్ని చెప్పుకోవచ్చు. దీనికి ఒక చక్కని ప్రాచీన సాక్ష్యం ఉంది. దెయిర్ ఎల్ మెదీనాకు చెందిన నెఫెరాబు అనే పనివాడు, తాను మాఅత్‌కు ప్రభువైన ప్తాహ్ దేవుని పేరిట అబద్ధపు ప్రమాణం చేశాననీ, ఆ దేవుడు తనకు పట్టపగలే చీకటిని చూపించాడనీ రాతిపలకపై చెక్కించాడు. ఆ పలక ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మూడువేల ఏళ్లకు పైగా గడిచినా ఒక సామాన్యుడు ఒప్పుకున్న తప్పును మనం చదవగలుగుతున్నాం. ఒకరు చెబుతున్నప్పుడు ఇతరులు సలహా ఇవ్వకూడదు, ఆ మాట గది దాటి వెళ్లకూడదు. విన్నవారు చేయవలసినది ఒక్కటే: దాన్ని సరిదిద్దడానికి నీకు మా నుంచి ఏమి కావాలి అని అడగడం. చివరగా అందరూ రొట్టె పంచుకుని తిని, పాత్రలు కడిగి, నేల ఊడ్చి బయలుదేరాలి.

పేర్లు, మృతులు

ఈజిప్టువారు మనిషిని కా (ప్రాణశక్తి), బా (ఆత్మ), హృదయం, నీడ, పేరు వంటి భాగాల కలయికగా చూశారు. పేరు పలుకుతున్నంత కాలం మనిషి ఉంటాడని నమ్మి, తండ్రి పేరును బతికించినవాడు ఫలానా కుమారుడు అని శిలలపై చెక్కించేవారు. సమాధి పక్కనుంచి వెళ్లే బాటసారిని ఆపి, తన కోసం వేయి రొట్టెలు, వేయి కుండల బీరు అని పలకమనీ, అందుకు నోటి ఊపిరి తప్ప మరేమీ ఖర్చు కాదనీ కోరే శాసనాలు ఎన్నో ఉన్నాయి. ప్రతి సభ్యుడూ తాను కోల్పోయినవారి పేర్లను బృందపు పుస్తకంలో రాయాలి. పదో రోజున నీరు వదులుతూ ఆ పేర్లను ఒక్కొక్కటిగా, తొందరపడకుండా చదవాలి. ఎవరూ గుర్తుపెట్టుకోనివారి పేర్లను, అంటే పాత సమాధులపై కనిపించినవాటిని కూడా చేర్చవచ్చు. చనిపోయినవారితో చెప్పుకోవలసినది మిగిలిపోయి ఉంటే ఒక మట్టి గిన్నెలో రాయండి, ఆ కాలంలో మృతులకు ఉత్తరాలను గిన్నెలపై కూడా రాసేవారు.

చివరి ఐదు రోజులు

పన్నెండు నెలలకు 360 రోజులు పోగా మిగిలే ఐదు రోజులు వరుసగా ఒసిరిస్, హోరస్, సేత్, ఐసిస్, నెఫ్తిస్ అనే దేవతల పుట్టినరోజులు. వాటిని ఏడాదిలో ప్రమాదకరమైన సంధికాలంగా భావించేవారు. మేము ఆ రోజుల్లో కొత్త పనులు మొదలుపెట్టం, అప్పులు, అప్పగింతలు, మాటలు ఏవేవి మిగిలిపోయాయో చూసుకుంటాం. ఐదో రోజు సాయంత్రం సభ్యుల పట్టికను చదివి, ప్రతి ఒక్కరినీ వచ్చే ఏడాది కొనసాగుతారా అని అడుగుతాం. కొనసాగనని చెప్పినవారిని కారణం అడగం, ఆపం. వారి వంతును ఎవరు తీసుకుంటారో అక్కడే తేల్చి రాసుకుంటాం. వెళ్లిపోయినవారి పేరును మాత్రం పట్టిక నుంచి కొట్టివేయకండి. ఫరోగా పాలించిన రాణి హాత్‌షెప్సుత్ పేరును చెక్కివేసిన గోడలు నేటికీ ఉన్నాయి, పేరును తుడిచివేయడం ఆ సంస్కృతిలో మనిషికి చేయగల అతి పెద్ద హాని. పేరు పక్కన వారు సేవ చేసిన నెలలను రాసి, కొత్త ఏడాది పట్టికను కింది పుట నుంచి మొదలుపెట్టండి.